రోజుకో పేజీ: రాత చేతికి పట్టుబడాలంటే

ముందుగా 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొనండి. గట్టి అట్టది, గీతలున్నది. పెన్ను మీ ఇష్టం. ఖరీదైన డైరీ మాత్రం వద్దు. నున్నటి కాగితం మీద పిచ్చి వాక్యం రాయడానికి చెయ్యి రాదు. మొదటి మూడు నెలలూ మీరు రాయబోయేవి చాలావరకు పిచ్చి వాక్యాలే, వాటికి చవక పుస్తకమే తగిన చోటు.

కుడిచేతి పేజీలోనే రాయండి. ఎడమ పేజీ ఖాళీగా వదలండి, అది దిద్దుకోవడానికి. అలా రాస్తే 200 పేజీల పుస్తకం సరిగ్గా వంద రోజులకి వస్తుంది. పేజీకి సుమారు 150 మాటలు పడతాయి, అరగంట పని. రోజుకి వెయ్యి మాటలు రాయమనే సలహాలు ఇంగ్లీషు లెక్కలు. తెలుగులో ఒక్కో మాట చాలాసార్లు రెండు మూడు ఇంగ్లీషు మాటల పని చేస్తుంది కాబట్టి ఆ లెక్క మనకి కుదరదు. వెయ్యి పెట్టుకున్నవాళ్లు పదో రోజుకి మానేస్తారు.

కూర్చునే వేళ

పొద్దున్న తొమ్మిదికి ఆఫీసుకి వెళ్లేవాళ్లు ఐదున్నర నుంచి ఆరు దాకా పెట్టుకోవచ్చు. విశాఖలో ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే ఉక్క మొదలవుతుంది. ముంజేయి కాగితానికి అంటుకుపోతుంటే మనసు వాక్యం మీద నిలవదు.

స్టీల్ ప్లాంటులోనో పోర్టులోనో ఆస్పత్రిలోనో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్లకి గడియారం పనికిరాదు. ఈ వారం పగటి షిఫ్టు, పై వారం రాత్రి షిఫ్టు అయితే ‘రోజూ ఆరింటికి’ అన్న నియమం వారం తిరక్కుండానే పోతుంది. అలాంటివాళ్లు రాతని ఇంకో పనికి ముడెయ్యాలి. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాక, భోజనానికి ముందు అరగంట. భోజనం తర్వాత అనుకున్నారా, ఇక నిద్రదే రాజ్యం. ఇంట్లో వంట చేసేవాళ్లకైతే కుక్కర్ కిందకి దించి చల్లారే దాకా ఉన్న వేళ ఒకటి దొరుకుతుంది. అది పదిహేను నిమిషాలే. అయితే సగం పేజీ రాయండి, తప్పేం లేదు.

ఫోను వేరే గదిలో ఉండాలి. ‘ఒక మాటకి అర్థం చూసుకుంటాను’ అని తీస్తే అరగంట అక్కడే పోతుంది. అర్థం తెలియని మాట కింద గీత గీసి ముందుకెళ్లండి, సాయంత్రం చూసుకోవచ్చు.

ఒక రోజు తప్పితే మర్నాడు రెండు పేజీలు రాయకండి. బాకీ పెరిగే కొద్దీ పుస్తకం వైపు చూడ్డానికే భయం వేస్తుంది. తప్పిన రోజు పేజీ మీద తేదీ వేసి కారణం ఒక్క మాటలో రాసి వదిలేయండి: ‘జ్వరం’, ‘పెళ్లి’, ‘బద్ధకం’. నెలాఖరుకి తిరగేసి లెక్కపెట్టండి. ‘బద్ధకం’ అయిదు దాటిందంటే మీరు పెట్టుకున్న వేళ మీకు నప్పలేదని అర్థం. వేళ మార్చండి, మిమ్మల్ని మీరు తిట్టుకుంటే ఒరిగేదేమీ లేదు.

మొదటి పది రోజులు కథ రాయకండి

కవితా రాయొద్దు. చూసింది చూసినట్టు రాయడమే ఈ పది రోజుల పని. వినడానికి తేలిగ్గా ఉంటుంది, చాలామంది ఇక్కడే తడబడతారు. మనం చూసింది రాయబోతే చేతికి వచ్చేది మనం ఎక్కడో చదివిన వాక్యం.

ఫిషింగ్ హార్బర్‌కి తెల్లవారుజామున వెళ్లండి. లేదా పూర్ణా మార్కెట్‌కి, ఎంవీపీ కాలనీ రైతు బజారుకి, మీ వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరకి. ఒకే చోట అరగంట నిలబడండి. చోట్లు మార్చకండి. మొదటి పది నిమిషాల్లో అందరికీ కనిపించేవే కనిపిస్తాయి. రంగులూ రద్దీ అయిపోయి విసుగు పుట్టాక అప్పుడు అసలువి కనిపించడం మొదలవుతుంది.

పుస్తకం అక్కడ తెరవకండి. నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ మనిషిని చూస్తే జీవీఎంసీ (నగరపాలక సంస్థ) నుంచి వచ్చాడేమో, పన్ను రాసుకుంటున్నాడేమో అనుకుని అందరూ మాట ఆపేస్తారు. ముందు ఏదైనా కొనండి. కొన్నవాడికి బేరం వినే హక్కు వస్తుంది. ఇంటికొచ్చాక ఈ మూడూ రాయండి: ఎవరి చేతులు ఏం చేస్తున్నాయి, ఏ వస్తువుని అక్కడివాళ్లు ఏ పేరుతో పిలుస్తున్నారు, విన్న మాట ఒక్కటి అక్షరం పొల్లు పోకుండా. పేరు తెలియకపోతే అడగండి. ‘ఇది ఏం చేపండీ?’ అని అడిగితే చెప్పనివాళ్లు ఉండరు. కోనెం, చందువ, కవళ్లు, నెత్తళ్లు అని పేరుపేరునా చెబుతారు. ‘రకరకాల చేపలు’ అని రాసినవాడికీ ‘నెత్తళ్లు’ అని రాసినవాడికీ మధ్య తేడా పాఠకుడు ఒక్క క్షణంలో పట్టేస్తాడు.

మొదటి రోజు పేజీ దాదాపు ఎవరికైనా ఇలా వస్తుంది:

‘ఫిషింగ్ హార్బర్ ఉదయాన్నే ఎంతో సందడిగా ఉంది. ఎటు చూసినా చేపల వాసన. మత్స్యకార మహిళలు కష్టపడి చేపలు అమ్ముకుంటున్నారు. వారి జీవితం ఎంతో కఠినమైనది.’

ఇందులో ఒక్క తప్పు లేదు, ఒక్క మనిషీ లేదు. హార్బర్‌కి వెళ్లకుండా మంచం మీద పడుకుని రాయగలిగిన పేజీ ఇది. అదే చోట అరగంట నిలబడి వచ్చాక:

‘ఐసు పెట్టె అంచు మీద కూర్చున్న ఆవిడ కోనెం చేప మొప్ప ఎత్తి చూపించింది. ఎర్రగా ఉంది. కొనడానికొచ్చినాయన పొట్ట దగ్గర వేలితో ఒత్తి, ‘నిన్నటిది’ అన్నాడు. ఆవిడ చేపని మళ్లీ ఐసులో పెట్టేసి, పక్కనున్న ఆవిడతో తన కొడుకు పరీక్ష గురించి మాట్లాడ్డం మొదలుపెట్టింది.’

తాజా చేప మొప్పలు ఎర్రగా ఉంటాయనీ, ఒత్తితే కండ వెంటనే పైకి లేస్తుందనీ ఇద్దరికీ తెలుసు. ఆయన బేరం కోసం అబద్ధమాడుతున్నాడు, ఆవిడకీ ఆ సంగతి తెలుసు. ‘ఆత్మాభిమానం’ అన్న మాట ఎక్కడా లేదు, ఆవిడ చెయ్యి ఆ పని చేసింది. కష్టం, కఠినం, దీనం, సందడి లాంటి మాటలు మొదటి పది రోజులూ నిషేధం పెట్టుకోండి. మాట దొరక్కపోతే చెయ్యి ఏం చేసిందో రాయండి.

పది పేజీల్లో ఏడెనిమిది పనికిరావు. మిగిలిన రెండు మూడింటి కింద గీత గీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తాయి.

చెవికి పని

పదకొండో రోజు నుంచి ఇరవై దాకా మాటలు. సింహాచలం నుంచి ఆర్కే బీచ్ వైపు వెళ్లే 28 నంబరు బస్సు దీనికి మంచి బడి. ఎక్కిన చోట నుంచి చివరి దాకా కూర్చుని ఒక్క సంభాషణ వినండి, దిగాక అయిదు నిమిషాల్లో రాసేయండి. గంట ఆగితే జ్ఞాపకం ఆ మాటల్ని పుస్తక భాషలోకి మార్చేస్తుంది. ‘ఏటి సేత్తన్నావు’ అన్నది ఇంటికొచ్చేసరికి ‘ఏం చేస్తున్నావు’ అయిపోతుంది.

మనుషులు ప్రశ్నకి జవాబు చెప్పరు. ‘అన్నం తిన్నావా?’ అంటే ‘మీ అప్ప ఫోన్ చేసింది’ అంటారు. రెండు పేజీలు రాశాక మీరు మొదట పట్టుకునేది ఇదే. కొత్తగా రాసేవాళ్ల సంభాషణలు కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లా ఉండడానికి కారణం, ప్రతి ప్రశ్నకీ కింద వరసలో జవాబు ఉండడం. కోర్టులోనైనా నిజంగా అలా ఉండదనుకోండి. విశాఖలో వకీలుగా పనిచేసిన రావిశాస్త్రిని చదివితే తెలుస్తుంది, సాక్షి దేనికి జవాబు చెబుతాడో, దేన్ని పక్కకి తోసేస్తాడో.

ఉత్తరాంధ్ర యాస రాయడంలో జరిగే పొరపాట్లు రెండు. మొదటిది, ప్రతి మాటనీ విరిచి రాయడం. చదివేవాడు మాట అర్థం చేసుకోవడానికే చెమటోడుస్తాడు, మనిషి కనబడడు. అయిదారు గుర్తులు చాలు: ‘ఏటి’, ‘ఎలగ’, ‘బేగి’ (త్వరగా), ‘నాను’ (నేను), ఆడపిల్లని ‘గుంట’ అనడం, అక్కని ‘అప్ప’ అనడం. ‘ఏటే గుంటా, బేగి రావేటి?’ అంటే ఊరు తెలిసిపోయింది, ఆ తర్వాతి వాక్యాన్ని మామూలుగా రాసినా చదివేవాడి చెవిలో యాస నడుస్తూనే ఉంటుంది.

రెండో పొరపాటు అంతకన్నా పెద్దది. పనిమనిషికీ రిక్షావాడికీ యాస, లెక్చరర్‌కీ డాక్టరుకీ పుస్తక భాష. ఈ ఊళ్లో పుట్టి పెరిగిన డాక్టరు క్లినిక్కులో ఎలా మాట్లాడినా, ఇంట్లో వాళ్లమ్మతో ‘ఏటమ్మా’ అనే అంటాడు. యాసని పేదరికానికి గుర్తుగా వాడితే మీకు తెలియకుండానే మీ పాత్రల్ని మీరు అవమానించినట్టు. వాడుక మాటకి రాతలో చోటు కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి ఈ ఉత్తరాంధ్ర మనిషే. అక్కడివాళ్లం మనం ఇలా రాస్తే బాగోదు.

చదవడం: ఒక కథ మూడుసార్లు

వారానికి ఒక కథ చాలు. మొదటిసారి ఊరికే చదవండి. రెండోసారి పెన్సిల్ పట్టుకుని, కాలం ఎక్కడ ముందుకో వెనక్కో జరిగిందో అక్కడ అడ్డగీత, రచయిత తన అభిప్రాయం చెప్పిన చోట చుక్క పెట్టండి. మంచి కథల్లో చుక్కలు ఎంత తక్కువగా ఉంటాయో మీ కళ్లకే కనిపిస్తుంది. లైబ్రరీ పుస్తకమైతే జెరాక్స్ తీసుకుని దాని మీద గీయండి.

మూడోసారి, నచ్చిన ఒక పేరా ఎత్తి రాయండి. తర్వాత పుస్తకం మూసి అదే పేరా జ్ఞాపకం మీద రాయండి. పక్కపక్కన పెట్టి చూడండి. మీరు మర్చిపోయిన మాటలు పెద్ద లెక్క కాదు. మీరు చేర్చిన మాటలు చూడండి, అవే మీ రోగం. ‘ఎంతో’, ‘చాలా’, ‘నిజంగా’, ‘ఒక్కసారిగా’ లాంటివి మీ వైపు కొత్తగా మొలిచి ఉంటాయి. ఆ జాబితా పుస్తకం చివరి అట్ట లోపల రాసుకోండి, దిద్దేటప్పుడు కావాలి.

పుస్తకాలకి ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయం ఉంది, సాహిత్య సభలూ అక్కడ జరుగుతుంటాయి. విశాఖలో బడిపంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు, తెలుగు కథల కోసమే ఉన్న గ్రంథాలయం అది. ఇక్కడి నుంచి వందకి పైచిలుకు కిలోమీటర్లు. పొద్దున్న బస్సెక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు, ఫోన్ చేసి తెరిచి ఉందో లేదో కనుక్కుని వెళ్లండి. అంత దూరం వెళ్లలేనివాళ్లకి కథానిలయం వెబ్‌సైటులో స్కాన్ చేసిన కథలు చాలా దొరుకుతాయి.

వారం ఎలా నడవాలి

ఇరవై రోజులు గడిచాక పేజీలు ముక్కలుగా కాక ఒకదానికొకటి అతుక్కోవాలి. గీత గీసి పెట్టుకున్న పేజీల్లోంచి ఒకటి ఎంచుకోండి. సోమ, మంగళ, బుధ, గురువారాలు నాలుగు పేజీలు రాయండి, వెనక్కి చూడకుండా. ఆరు వందల మాటలవుతాయి, చిన్న కథకీ వ్యాసానికీ అది మంచి మొదటి ప్రతి. శుక్రవారం ఆ పేజీలు ముట్టుకోకండి, ఇంకేదైనా రాయండి, కిరాణా కొట్టు సంభాషణైనా సరే. రాసిన వెంటనే దిద్దితే కాగితం మీద లేని మాటని కూడా మీ కళ్లు చదివేస్తాయి, ఎందుకంటే అది మీ బుర్రలో ఉంది. ఒక్క రోజు ఎడం ఉంటే ఆ వెసులుబాటు పోతుంది. శని, ఆదివారాలు దిద్దుబాటు.

దిద్దుబాటు

రాయాలన్న ఇష్టం మిమ్మల్ని పుస్తకం దగ్గరకి తెస్తుంది. రాత మెరుగయ్యేది ఎడమ పేజీలో. ఏళ్ల తరబడి రాస్తూ అక్కడే ఉండిపోయినవాళ్ల నోట్‌బుక్కులు తిరగేస్తే ఎడమ పేజీలు తెల్లగా ఉంటాయి.

గురజాడ కన్యాశుల్కం 1892లో ప్రదర్శించారు, 1897లో అచ్చయింది. అక్కడితో ఆపెయ్యకుండా బాగా మార్చి, పెంచి, 1909లో రెండో కూర్పు తెచ్చారు. ఇవాళ అందరూ చదివేది, ఆడేది ఆ రెండోదాన్నే. మధ్యలో పన్నెండేళ్లు. మీరు వారం ఆగలేరా అని అడగడం లేదు, ఒక్క రోజు ఆగండి చాలు.

మొదట పైకి చదవండి. మనసులో కాదు, పక్క గదిలోవాళ్లకి వినబడేంత గొంతుతో. ఎక్కడ ఊపిరి ఆగి మళ్లీ తీసుకోవాల్సి వచ్చిందో అక్కడ వాక్యం పొడుగైంది. ఎక్కడ నాలుక మడతపడిందో అక్కడ మాటల వరస తప్పింది. చదువుతూ చదువుతూ మీరే వేరే మాట అనేస్తే, నోరు అన్నదే సరైనది, కాగితం మీదున్నది కొట్టేయండి. ఇంట్లోవాళ్లు నవ్వుతారనుకుంటే మేడ మీదకి వెళ్లండి.

తర్వాత కలుపు తియ్యాలి. తెలుగులో ఇంగ్లీషు నీడ పడే చోట్లు కొన్ని ఉన్నాయి. ‘ఒక’: తెలుగుకి ప్రతి నామవాచకం ముందూ అది అక్కర్లేదు. ‘యొక్క’: పదిలో తొమ్మిదిసార్లు కొట్టేయొచ్చు. ‘బడు’: ‘చెప్పబడింది’, ‘ఇవ్వబడింది’ ప్రభుత్వ నోటీసులో చెల్లుతాయేమో, మనుషులు అలా మాట్లాడరు. ‘కలిగి ఉంది’: ‘ఆ ఇల్లు మూడు గదులను కలిగి ఉంది’ అన్న వాక్యాన్ని మీ అమ్మకి చదివి వినిపించండి, మొహం చూడండి. ‘ఆ ఇంటికి మూడు గదులు’ అంటే అయిపోయె. ‘చేయడం జరిగింది’: ‘చేశారు’ అనండి, ఎవరు చేశారో కూడా అప్పుడే బయటికొస్తుంది.

నమూనాకి కుడి పేజీలో ఇలా ఉందనుకోండి:

‘ఆ రోజు సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఒక ఆహ్లాదకరమైన వాతావరణం నెలకొని ఉంది. ఒక వృద్ధుడు తన యొక్క మనవడితో నడుస్తూ ఉన్నాడు. మనవడి చేత మురీ మిక్చర్ అడగబడింది. కానీ ఆ వృద్ధుడు తగినంత ధనాన్ని కలిగి లేడు. అతని హృదయం బాధతో నిండిపోయింది.’

మొదటి కోతలో ‘ఒక’లు, ‘యొక్క’, ‘బడింది’, ‘కలిగి’ పోతాయి. ‘సాయంత్రం ఆర్కే బీచ్‌లో ఆహ్లాదంగా ఉంది. ముసలాయన మనవడితో నడుస్తున్నాడు. మనవడు మురీ మిక్చర్ అడిగాడు. ఆయన దగ్గర డబ్బుల్లేవు. బాధపడ్డాడు.’ తెలుగైతే అయింది, ప్రాణం మాత్రం రాలేదు. రెండో కోతలో ఆహ్లాదం, బాధ పోవాలి. అవి ఖాళీ చేసిన చోట చెయ్యి పని చెయ్యాలి. ఎడమ పేజీ:

‘మురీ మిక్చర్ బండి దగ్గర మనవడు ఆగిపోయాడు. తాత జేబులో చెయ్యి పెట్టి, చిల్లర వేళ్లతోనే లెక్కపెట్టుకున్నాడు. చెయ్యి బయటికి తియ్యలేదు. ‘ఇప్పుడు తింటే రాత్రి అన్నం తినవురా’ అన్నాడు.’

బీచ్ ఎలా ఉందో చెప్పలేదు. బండి చెప్పింది. ఆయన దగ్గర ఎంత ఉందో చెప్పలేదు, చెయ్యి బయటికి రాలేదు కాబట్టి తెలిసిపోయింది. ఇలా ఒక్క పేరా మీద గంట పట్టినా పర్వాలేదు. వారానికి ఒక్క పేరా ఇంత శ్రద్ధగా దిద్దితే మిగతా పేజీలు వాటంతటవే మారడం మొదలుపెడతాయి, ఎందుకంటే పై సోమవారం రాసేటప్పుడు చెయ్యి ఆ మాటల దగ్గర దానంతటదే ఆగుతుంది.

ఆఖరున అక్షర దోషాలు. ఒత్తుల దగ్గరే ఎక్కువ పోతాయి. పద్ధతి, శ్రద్ధ, వృద్ధి: దకి ధ ఒత్తు. విద్యార్థి: ముందు ద్య, తర్వాత థ. బాధలో మొదటిది మామూలు బ, నిర్బంధంలోనూ అంతే. ఉచ్చారణలో రెండూ మామూలు చలే, స్వచ్ఛలో మాత్రం చకి ఛ ఒత్తు. శత్రువుకి ‘తృ’ కాదు ‘త్రు’. అర్థం అంటే భావం, అర్ధం అంటే సగం, ఈ రెండూ తారుమారైతే వాక్యమే వేరే అవుతుంది. కళ్లు, కళ్ళు రెండూ చెల్లుతాయి, ఒక రచనలో ఒకటే వాడండి. అనుమానం వస్తే ఆంధ్రభారతి సైటులో చాలా పాత నిఘంటువులు ఒకేచోట వెతకొచ్చు. ఫోను తనంతట తాను సూచించే మాటని నమ్మకండి, పదిమంది తప్పుగా రాస్తే అది తప్పునే సూచిస్తుంది.

నిజం సరిచూసుకోండి

కల్పితమే రాస్తున్నా ఊరు నిజమైనప్పుడు ఊరి సంగతులు నిజం కావాలి. ఆర్కే బీచ్‌లో కూర్చుని సూర్యుడు సముద్రంలో మునగడం చూసిన ప్రేమికులు మన కథల్లో బోలెడు మంది. ఇది తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, ఊరి వెనక కొండల వైపు దిగుతాడు. సాయంత్రం సముద్రం మీద ఏదో లేవాలనుకుంటే పౌర్ణమి పెట్టుకోండి, చంద్రుడు లేస్తాడు. మే నెలలో మరబోటు మీద వేటకెళ్లిన నాయకుణ్ని తుపానులో ముంచేశారా? ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. జాలరిపేటలో ఎవరు చదివినా మొదటి పేజీలోనే పుస్తకం మూసేస్తారు. కథ 1995లో నడుస్తుంటే బీచ్ రోడ్డు మీద కురుసురా జలాంతర్గామి ఉండకూడదు, అది మ్యూజియంగా తెరిచింది 2002లో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి చెట్లని కూల్చేసింది. ఆ నవంబరులో కైలాసగిరి మీద దట్టమైన చెట్ల నీడలో ఎవరినీ కూర్చోబెట్టకండి.

ఇలాంటివి ఎడమ పేజీలో పక్కన ‘చూడాలి’ అని రాసుకుని, అన్నీ కలిపి ఒకసారి కనుక్కోండి. రాస్తూ రాస్తూ మధ్యలో లేచి వెతికితే ఆ రోజు పేజీ పోయినట్టే.

ఎవరికి చూపించాలి

ఇద్దరు చాలు. ఒకరు బాగా చదివేవాళ్లు, ఒకరు అస్సలు కథలు చదవనివాళ్లు. ‘ఎలా ఉంది?’ అని అడిగితే ‘బాగుంది’ అంటారు, పాపం ఇంకేమంటారు. ‘ఎక్కడ చదవడం ఆపాలనిపించింది?’ అని అడగండి, వేలు పెట్టి చూపిస్తారు. అక్కడ ఎందుకు ఆగారో వాళ్లు చెప్పే కారణం చాలాసార్లు తప్పు, ఆగిన చోటు మాత్రం ఎప్పుడూ నిజం. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టి పూలగుత్తులూ చప్పట్లూ లెక్కపెట్టుకోవడం వల్ల రాతకి మేలూ లేదు, కీడూ లేదు, టైము పోతుంది.

నలభయ్యో రోజు దగ్గర

ముప్పై అయిదు, నలభై మధ్యలో దాదాపు అందరికీ చప్పబడుతుంది. రాసేదంతా ఒకేలా ఉందనిపిస్తుంది. దిద్దడం నేర్చుకున్నాక కళ్లు ముందుకెళ్లాయి, చెయ్యి ఇంకా వెనకే ఉంది, అందుకే ఆ చిరాకు. అప్పుడు వేళ మార్చకండి, వస్తువు మార్చండి. మొదటి పేజీల్లో ఒకదాన్ని తీసుకుని చేప కొనడానికొచ్చినాయన వైపు నుంచి రాయండి. పెసరట్టు వెయ్యడం ఎలాగో ఎప్పుడూ వెయ్యనివాడికి అర్థమయ్యేలా రాయండి: పప్పు ఎంతసేపు నానాలి, పెనం వేడెక్కిందని ఎలా తెలుస్తుంది, అట్టు ఎందుకు అంటుకుంటుంది. వరస తప్పకుండా చెప్పడం కథకీ అవసరమే, ఇంతకన్నా మంచి సాధన లేదు. అదీ కుదరకపోతే అయిదు వాక్యాలు రాసి లేచిపోండి. పుస్తకం తెరవని రోజు మాత్రం ఉండకూడదు.

టైపు చేసి పంపడం

అరవై రోజులు దాటాక, రెండుసార్లు దిద్దిన ఒక ముక్కని టైపు చెయ్యండి. టైపు చెయ్యడమే మూడో దిద్దుబాటు, చేత్తో రాసినప్పుడు కనబడని తప్పు తెర మీద కనబడుతుంది. ఫోనులో నోటితో చెప్పి టైపు చేయించొచ్చు గానీ ఒత్తులూ విరామ చిహ్నాలూ మళ్లీ చూసుకోవాలి, యాస మాటల్ని అది తన ఇష్టం వచ్చినట్టు మార్చేస్తుంది. ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లోనే టైపు చెయ్యండి. డీటీపీ సెంటర్లో అను ఫాంట్లలో కొట్టిస్తే, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో మీ కథ గజిబిజి గుర్తులుగా తెరుచుకుంటుంది. ‘బస్స్టాప్’ లాగా అక్షరాలు ఒకదాని కిందకి ఒకటి దూరిపోతే, ‘బస్ స్టాప్’ అని విడగొట్టండి.

పత్రిక నియమాలు చదివి పంపండి: నిడివి, గడువు, ఫైలు ఏ రకంలో కావాలి. చాలా పత్రికలు హామీపత్రం అడుగుతాయి. అందులో ఇది మీ సొంత రచన అనీ, అనువాదం, అనుకరణ కాదనీ, వేరే చోట అచ్చు కాలేదనీ, పరిశీలనలో లేదనీ రాయాలి. అందుకే ఒకే కథని ఒకేసారి రెండు చోట్లకి పంపకూడదు. రెండు చోట్లా అచ్చయితే ఇద్దరు సంపాదకులకీ మీ పేరు వేరే రకంగా గుర్తుండిపోతుంది. నోట్‌బుక్ చివరి పేజీలో పట్టిక గీసుకోండి: పేరు, పంపిన తేదీ, ఎక్కడికి, ఏమైంది. నియమాల్లో చెప్పిన గడువు దాటాక, గడువు చెప్పకపోతే మూడు నెలల తర్వాత, మర్యాదగా ఒక ఉత్తరం రాసి అడిగి, ఆపైన ఇంకో చోటికి పంపండి. తిరిగొచ్చిన కథని వెంటనే పంపేయకుండా ఒకసారి పైకి చదవండి. ఈ లోగా మీ చెవి మారి ఉంటుంది.

వందో పేజీ

ఆఖరి రోజు మొదటి పేజీ తెరవకుండా, ఆ రోజు ఎక్కడికి వెళ్లారో గుర్తుచేసుకుని అదే చోటు గురించి మళ్లీ రాయండి. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి మూడు లెక్కలు వెయ్యండి: ‘చాలా’, ‘ఎంతో’, ‘ఒక’ ఎన్నెన్ని ఉన్నాయి, పేరుతో పిలిచిన వస్తువులు ఎన్ని, ఎవరి నోటి మాటైనా యథాతథంగా ఉందా. మొదటి లెక్క తగ్గి, రెండోది పెరిగి ఉండాలి. పెరగకపోతే రెండో పుస్తకాన్ని మళ్లీ ఆ పది రోజుల పనితోనే మొదలుపెట్టండి, ఈసారి అదే ఇస్త్రీ బండి దగ్గర, వేరే వేళకి.